స్టిఫ్ అంటే ఎంత గట్టి?

ప్రశ్న: స్టిఫ్, హార్డ్, రిజిడ్, టఫ్, స్ట్రాంగ్, ఫర్మ్. డిక్షనరీ తెరిస్తే వీటన్నిటి పక్కనా ‘గట్టి’, ‘దృఢమైన’, ‘కఠినమైన’ అనే ఉంటుంది. ఒకే అర్థానికి ఇన్ని మాటలెందుకు? దేన్ని ఎక్కడ వాడాలో ఎలా తెలుస్తుంది?

పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, కొత్తగా గల్ఫ్‌కు బయల్దేరే యువకులు, ఇంగ్లిషు చెప్పే టీచర్లు కూడా తరచూ అడిగే ప్రశ్న ఇది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు వాళ్లకు దీని జవాబు చెప్పడం నాకు ఇష్టం. ఆ మాటలన్నీ అక్కడి పనుల్లో చేతికి తగులుతూనే ఉంటాయి.

ముందు అసలు సంగతి. స్టిఫ్ అంటే వంగనిది, లేదా వంచడానికి మొరాయించేది. దానికి బలం ఉందా లేదా, పైన గీత పడుతుందా లేదా అన్నది ఈ మాటకు పట్టదు. తెలుగులో దీనికి దగ్గరి మాట ‘గట్టి’ కాదు, ‘బిరుసు’. బిరుసు బట్ట, బిరుసు వెంట్రుకలు అంటాం కదా, అదే. మన ‘గట్టి’ చాలా బరువులు మోస్తుంది: గట్టి గోడ, గట్టి పెరుగు, గట్టి ముడి, గట్టి మనిషి, గట్టిగా అరవడం. ఇంగ్లిషు ఆ బరువులను వేర్వేరు మాటలకు పంచింది. ఎలా పంచిందో తెలియాలంటే, వస్తువును మీ చెయ్యి ఏం చేసిందో అడగండి. వంచితే వంగకపోతే స్టిఫ్. గోరు, మేకు దిగకపోతే హార్డ్. లాగినా, బరువు వేసినా తెగకపోతే స్ట్రాంగ్. కింద పడేసినా, సుత్తితో కొట్టినా పగలకపోతే టఫ్. కొట్టగానే పగిలిపోతే బ్రిటిల్, మన పెళుసు. లాగి కట్టిన తాడులా బిగువుగా ఉంటే టాట్. ఒక వస్తువుకు ఈ గుణాల్లో ఒకటి ఉండి ఇంకొకటి లేకపోవచ్చు. పేర్లు వేరుగా ఉండటానికి కారణం అదే.

మెత్తని నూలును బిరుసు చేయడం ఎందుకు?

సిరిసిల్లలో కాటన్ పడుగు (నిలువు పోగులు) ఎక్కించిన సాంచ, అంటే మరమగ్గం దగ్గర నిలబడి ఒక పోగును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. దాని ఒంటినిండా నూగు కనిపిస్తుంది. దూది పీచు పొడవు సుమారు 3 సెంటీమీటర్లే. అంత పొట్టి పీచులను పక్కపక్కన పేర్చి మెలితిప్పితే పోగవుతుంది. మెలికలో ఇమడని కొసలు బయటికి తేలి ఉంటాయి. సాంచ నడుస్తుంటే పడుగులోని ప్రతి పోగూ సన్నని కన్నంలోంచి, పన్నె పళ్ళ సందుల్లోంచి పోతూ పైకీ కిందికీ ఆడుతుంది. నిమిషానికి నూటికి పైగా పిక్కులు, అంటే అడ్డపు పోగైన పేక దాట్లు, పడతాయి. పిక్కు పిక్కుకూ పన్నె వచ్చి పోగులను రాసుకుంటూ పేకను కొడుతుంది. పక్కపక్క పోగుల నూగు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటుంది, ఊడుతుంది, చివరికి పోగు తెగుతుంది. తెగిన పోగును పట్టుకొని ముడివేసేదాకా సాంచ ఆపాల్సిందే. పిక్కుల లెక్కన కూలి అందుకునే మనిషికి సాంచ ఆగడమంటే కూలి ఆగడమే.

అందుకే పడుగును ముందే సైజింగ్‌కు పంపుతారు. వందల పోగులు పక్కపక్కన పరుచుకొని వేడి గంజి తొట్టిలో మునుగుతాయి, రోలర్ల మధ్య పిండబడతాయి, ఆవిరితో కాలే సిలిండర్ల మీదుగా ఆరుతూ పోయి బీముకు చుట్టుకుంటాయి. నూలు బరువులో దాదాపు పదో వంతు దాకా గంజి పోగుకు పట్టుకుంటుంది. చేమగ్గాల రోజుల్లో ఇదే పని వీధిలో జరిగేది. తెల్లవారుజామున ఎండ ముదరక ముందే పడుగును వీధి పొడవునా సాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో ఒకే వైపు దువ్వేవారు. దువ్వడం వల్ల నూగు పోగు మీదికే పడుకుంటుంది. గంజి ఆరగానే అక్కడే అతుక్కుపోతుంది.

గంజి వల్ల పోగుకు బలం వస్తుందని చాలామంది అనుకుంటారు. కొంత వస్తుంది, కాదనలేం. అసలు లాభం మాత్రం నూగు అణగడం, రాపిడిని తట్టుకునే పొర ఏర్పడటం. దీనికి నష్టం కూడా ఉంది. గంజి పట్టిన పోగు మునుపటంత సాగదు. గంజి ఎక్కువైతే బిరుసు హద్దు దాటి పెళుసవుతుంది, సాంచ మీద పోగు మరీ ఎక్కువగా తెగుతుంది. స్టిఫ్ నుంచి బ్రిటిల్‌కు దూరం ఎంత తక్కువో సైజింగ్ చేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

గంజి బిరుసు ఎక్కడి నుంచి వస్తుంది?

బియ్యంలోనైనా మక్కల్లోనైనా పిండిపదార్థం చిన్న చిన్న గింజలుగా బిగుసుకొని ఉంటుంది. చన్నీళ్లలో కలిపితే కరగదు, అడుగుకు దిగుతుంది. నీళ్లు 70 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు వేడెక్కేసరికి ఆ గింజల్లోకి నీరు దూరి ఉబ్బుతాయి, పగులుతాయి. లోపల ముడుచుకున్న పొడవాటి గొలుసులు బయటికి వస్తాయి. నీళ్లు చిక్కబడి గంజి అవుతుంది. ఆ గొలుసులు గ్లూకోజ్ ముక్కలతో అల్లినవి. దూది పీచులోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ ముక్కల గొలుసే, అల్లిక మాత్రమే వేరు. రెండూ ఒక జాతివి కాబట్టి గంజి నూలును అంత చక్కగా పట్టుకుంటుంది. తడి ఉన్నంతసేపు నీటి అణువులు గొలుసుల మధ్య చేరి వాటిని జారనిస్తాయి. నీరు ఆవిరైపోయాక గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకొని ఇక జారవు. ఆ జారకపోవడమే బిరుసు.

కాబట్టి బిరుసు ఎక్కువా తక్కువా అన్నది చివరికి తడి చేతిలో ఉంది. గాలిలో తేమ తగ్గితే గంజి పొర మరీ ఎండి పగులుతుంది. ఎండాకాలంలో పోగులు ఎక్కువగా తెగడానికీ, పత్తి నేసే షెడ్లలో గాలిని తడిగా ఉంచడానికీ, గుంట మగ్గంలో పడుగు నేలకు దగ్గరగా ఉండటానికీ కారణం ఇదే. బట్ట ఉతికితే గంజి పోయి మెత్తబడటం వెనకా ఇదే నీరు ఉంది. మిల్లుల్లో బట్టకు రంగు వేయాలంటే గంజి పూర్తిగా పోవాలి, లేకుంటే రంగు సమంగా ఎక్కదు. అందుకు ఎమైలేజ్ అనే ఎంజైమ్ వాడతారు. మనం అన్నం నములుతుంటే తియ్యగా అనిపించడానికి కారణం లాలాజలంలో ఉండే ఆ జాతి ఎంజైమే.

అయితే సిరిసిల్లలో ఎక్కువగా నేసేది పాలిస్టర్. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం నేయించిన బతుకమ్మ చీరలు కూడా ఎక్కువగా ఆ నూలువే. పాలిస్టర్ దారం పొడవాటి తీగలుగా వస్తుంది, దూదిలా పొట్టి కొసలుండవు. అందుకే దానికి ఈ గంజి అక్కర్లేదు, పెట్టినా సరిగా అంటదు.

ఇప్పుడు ఇంగ్లిషు మాట దగ్గరకు వద్దాం. గంజిని, పిండిపదార్థాన్ని ఇంగ్లిషువాళ్లు స్టార్చ్ అంటారు. ఆ మాట పుట్టిందే ‘బిరుసు చేయడం’ అనే అర్థంలో. ‘స్టార్క్’ అనే మాట దాని తోబుట్టువు. పాత ఇంగ్లిషులో స్టార్క్ అంటే బిగుసుకున్నది, బలమైనది. అన్నంలో ఉండే పదార్థానికి ఇంగ్లిషు పేరు దాని రుచిని బట్టో తెలుపును బట్టో కాకుండా బట్టకు అది చేసే పనిని బట్టి వచ్చిందన్నమాట. మనిషిని ‘స్టార్చీ’ అంటే మాటలో, కూర్చోవడంలో సడలింపు లేనివాడు అని. ఇక ఇంగ్లిషులో గంజిలాంటి పలుచని జావకు వాడే ‘కాంజీ’ మన దక్షిణాది భాషల నుంచే వెళ్లింది. తమిళ కంజి, తెలుగు గంజి ఒక ఇంటివే.

బిరుసును కొలవడం ఎలా?

చేత్తో పట్టి చూసి “బట్టలో పట్టు ఉంది, పస లేదు” అని చెప్పే వ్యాపారుల వేళ్ల మీద నాకు చాలా గౌరవం ఉంది. ఆ వేళ్ల లెక్కను కొలతగా మార్చినవాడు ఎఫ్.టి. పియర్స్. ఇంగ్లండులో నూలు పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1930లో ఆ పద్ధతిని ప్రచురించాడు. ఇది ఇంట్లో చేసుకోదగ్గంత తేలిక. బట్ట నుంచి ఒక అంగుళం వెడల్పు, జానెడు పొడవు పట్టీ కత్తిరించి బల్ల మీద పెట్టండి. పైన స్కేలు అదిమి, పట్టీని మెల్లగా అంచు దాటించండి. దాటిన ముక్క తన బరువుకే కిందికి వాలుతుంది. బల్ల అంచు నుంచి పట్టీ కొసకు గీసిన గీత అడ్డంగా ఉన్న బల్లకు 41.5 డిగ్రీల కోణంలో దిగే చోట ఆపి, ఎంత పొడవు బయట ఉందో కొలవండి. అందులో సగాన్ని బెండింగ్ లెంగ్త్ అంటారు. మెత్తని వాయిల్ కొద్దిగా దాటగానే వాలిపోతుంది. గంజి పెట్టిన ఖద్దరు చాలా దూరం దాటినా నిలబడుతుంది. ఒకే బట్టను గంజికి ముందూ తర్వాతా కొలిచి చూస్తే స్టిఫ్ అనే మాట ఇక మరిచిపోరు.

బట్టను దర్జీలు ఇంకో రకంగా బిరుసు చేస్తారు. కాలర్‌లో బక్రం పెడతారు. రెండు పొరలు ఊరికే ఒకదాని మీద ఒకటి ఉంటే వంగేటప్పుడు ఒకదాని మీద ఒకటి జారతాయి, బిరుసు రెండింతలే అవుతుంది. వాటిని బాగా అతికిస్తే జారడానికి వీలుండదు. రెండూ ఒకే మందం పొరలైతే బిరుసు ఎనిమిదింతలవుతుంది, ఎందుకంటే వంగకుండా నిలిచే గుణం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఇస్త్రీపెట్టె వేడికి అతుక్కునే బక్రం అంత పలుచగా ఉండి కూడా కాలర్‌ను నిలబెట్టడం ఇందువల్లే.

స్టిఫ్ అయినదంతా స్ట్రాంగ్ కాదా?

కాదు. ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. ఇల్లు కడుతూ సలాక కొనేటప్పుడు ఎఫ్ఈ 415, ఎఫ్ఈ 500 అని అడుగుతాం. ఆ అంకెలు బలానివి. చదరపు మిల్లీమీటరుకు అన్ని న్యూటన్ల బలం దాకా సలాక తట్టుకుంటుంది, ఆ పైన అది తిరిగి నిటారుకు రాకుండా సాగిపోతుంది. మరి 500 సలాక 415 సలాక కన్నా బిరుసా? ఒకే మందం ఉన్న రెండు సలాకలను రెండు ఇటుకల మీద పెట్టి నడుమ ఒకే చిన్న బరువు వేలాడదీస్తే రెండూ సమానంగా కుంగుతాయి. ఉక్కు ఏ రకమైనా దాని బిరుసు దాదాపు ఒకటే. ఇంజినీర్లు దాన్ని యంగ్ మాడ్యులస్ అంటారు, ఉక్కుకు అది సుమారు 200 గిగాపాస్కల్. బరువు పెంచుతూ పోతే 415 సలాక ముందుగా శాశ్వతంగా వంగుతుంది, 500 సలాక ఇంకా తట్టుకుంటుంది. వాటి స్టిఫ్‌నెస్ ఒకటి, స్ట్రెంగ్త్ వేరు. గాజుకూ అల్యూమినియానికీ కూడా ఈ బిరుసు దాదాపు సమానమే, రెండూ 70 గిగాపాస్కల్ దగ్గర. అల్యూమినియం గిన్నె కింద పడితే సొట్టపడుతుంది, గాజు గ్లాసు పడితే ముక్కలవుతుంది. ఆ తేడాకు పేరు టఫ్. బలంగా లాగిన కొద్దీ అంతే నిష్పత్తిలో సాగుతుందన్న సూత్రం రాబర్ట్ హుక్ 1678లో చెప్పాడు. థామస్ యంగ్ 1807లో దానికి పదార్థాన్ని బట్టి కొలత ఉంటుందన్నాడు. పైన చెప్పిన పేరు ఆయనదే.

కరీంనగర్ ప్రాంతపు టాన్ బ్రౌన్ గ్రానైట్ ఈ మాటలన్నిటికీ ఒకేచోట సాక్ష్యం ఇస్తుంది. రాయి హార్డ్, మామూలు కత్తితో గీత పడదు. రాయి స్టిఫ్ కూడా. కానీ బ్రిటిల్. అందుకే బండను కూలీలు ఎప్పుడూ పడుకోబెట్టి మోయరు, అంచు మీద నిలబెట్టి మోస్తారు. పడుకోబెడితే అది తన బరువుకే నడుమ విరగవచ్చు. నిలబెడితే వంగాల్సిన దిశలో రాయి మందం 2 సెంటీమీటర్లు కాదు, 2 అడుగులు. వంచడం వందల రెట్లు కష్టం. రాయి అదే, ఆకారం నిలిచిన తీరు మారింది. గల్ఫ్‌లో స్టీలు పనికి పోయినవాళ్లు దూలానికి అడ్డంగా వెల్డింగ్ చేసే ప్లేటును స్టిఫెనర్ అనడం వినే ఉంటారు. అది దూలంలోని పలుచని రేకు వంకర తిరగకుండా ఆపుతుంది. వాళ్లు వినే ఇంకో మాట స్టిఫ్ మిక్స్. కాంక్రీటులో నీళ్లు తక్కువై, 30 సెంటీమీటర్ల గరాటులో నింపి గరాటు లేపినా మాల్ పెద్దగా కుంగకుండా నిలిస్తే స్టిఫ్ మిక్స్ అంటారు. ‘హార్డ్’ అనరు. మాల్ గడ్డకట్టాకే హార్డ్.

కోరుట్ల బీడీ ఆకు, మెట్‌పల్లి పసుపు

పెళుసును, మెత్తదనాన్ని చేతివేళ్లతో తూచే పని కోరుట్ల ఇళ్ల అరుగుల మీద ఏళ్లుగా జరుగుతోంది. తునికాకు ఎండి కట్టలుగా వస్తుంది. అలాగే మడిస్తే చిట్లిపోతుంది, బ్రిటిల్. నీళ్లలో ముంచి, తడి గోనెసంచి చుట్టి రాత్రంతా ఉంచుతారు. తెల్లారేసరికి ఆకు పదునెక్కి ఉంటుంది. మరీ తడి అయితే ఆకు నల్లబడి బూజు పడుతుంది, తక్కువైతే కత్తెర పడగానే అంచు పగులుతుంది. పదునెక్కిన ఆకును రేకు కొలత పెట్టి కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, కొసలు మడిచి దారం బిగిస్తారు. బీడీ ఆరిన తర్వాత మళ్లీ ఆకు బిరుసెక్కుతుంది, అందుకే చుట్టు విప్పుకోదు. పదునులో ఉన్న ఆకును ఇంగ్లిషులో ‘ప్లయబుల్’ అంటారు. వంచినట్టు వంగి, వంచిన చోటనే ఉండేది. ‘ఫ్లెక్సిబుల్’ దానికి దగ్గరిదే కానీ, వంగి మళ్లీ మొదటికి వచ్చేదానికి కూడా వాడతారు. ‘సపుల్’ అంటే మెత్తగా, హాయిగా వంగేది. కొత్త తోలు స్టిఫ్, నూనె పట్టి వాడిన తోలు సపుల్.

మెట్‌పల్లి, కోరుట్ల రైతుల పసుపు కొమ్ములోనూ గంజి కథే నడుస్తుంది. పచ్చి కొమ్మును ఉడికిస్తే లోపలి పిండి ఉబ్బి జిగురవుతుంది. తర్వాత పది, పదిహేను రోజులు ఎండలో ఆరబెడితే ఆ జిగురు రాయిలా గట్టిపడుతుంది. బాగా ఎండిన కొమ్మును విరిస్తే లోహం తగిలినట్టు టంగుమని మోగుతుంది. పసుపు కొనేవాళ్లు ఆ చప్పుడు వింటారు. ఆ కొమ్ము హార్డ్, బ్రిటిల్, రెండూ. స్టిఫ్ అనడం తప్పు కాదు, కానీ ఎవరూ అనరు, ఎందుకంటే దాన్ని వంచాలని ఎవరికీ తోచదు. మాట ఎంపికలో ఇది పెద్ద సూత్రం. ఇంజినీర్ల లెక్క పక్కన పెడితే, మామూలు వాడుకలో వంగుతుందని మనం ఆశించే వస్తువుకే స్టిఫ్ వాడతారు: బట్ట, కాగితం, బ్రష్, తలుపు బందు, మెడ, వేలు. రాయిని ‘ఎ స్టిఫ్ స్టోన్’ అంటే వినడానికి వింతగా ఉంటుంది.

జగిత్యాలలో వరి పడిపోకుండా ఉండటం ఎలా?

వరిశాస్త్రంలో ‘స్టిఫ్ స్ట్రా’ అంటే గాలివానకు పడిపోని బిరుసు కాడ. పైరు పడిపోవడాన్ని ‘లాడ్జింగ్’ అంటారు. పాత పొడుగు వరి రకాలకు యూరియా వేస్తే గింజ బరువు పెరిగేది, కాడ ఇంకా పొడుగయ్యేది, చివరికి పడిపోయేది. కాడ పొట్టిగా ఉంటే గాలి దాన్ని వంచే బలం తగ్గుతుంది. కాడ మందం రెట్టింపైతే దాని బిరుసు పదహారు రెట్లు పెరుగుతుంది. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి విడుదలైన ఐఆర్ 8 ఈ లెక్క మీదే ఎరువును తట్టుకొని నిలబడింది. జగిత్యాల పక్కన పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి జె.జి.ఎల్. అనే అక్షరాలతో వచ్చిన రకాలు ఈ ప్రాంతపు రైతులకు బాగా తెలుసు. ‘జగిత్యాల సన్నాలు’ వాటిలో ఒకటి. కొత్త రకం ఎంచుకునేటప్పుడు దిగుబడితో పాటు పడిపోతుందా లేదా అని రైతు అడిగే ప్రశ్నే ఇంగ్లిషు పత్రాల్లో స్టిఫ్ స్ట్రాగా కనిపిస్తుంది.

రిజిడ్‌కు ఎప్పుడు పోవాలి? డాక్టరు దగ్గర ఏమనాలి?

స్టిఫ్‌లో కొలమానం ఉంది, కొంచెం స్టిఫ్, చాలా స్టిఫ్ అనవచ్చు. బలం పెడితే ఎంతో కొంత వంగుతుంది. రిజిడ్ అంటే వంగడమన్న మాటే లేదనే ధోరణి. అందుకే రిజిడ్‌ను నియమాలకు, ఆలోచనలకు ఎక్కువగా వాడతారు: రిజిడ్ టైమ్‌టేబుల్ అంటే ఏ కారణానికీ మారనిది. నియమాలు పాటించాలని పట్టుబట్టే మనిషి మాత్రం ‘స్ట్రిక్ట్’. నిర్ణయం మీద నిలబడితే ‘ఫర్మ్’, ఇది మెచ్చుకోలు. చెప్పినా వినకపోతే ‘స్టబర్న్’, మన మొండి.

శరీరం దగ్గర ఈ తేడాలు ఇంకా అవసరమవుతాయి. రోజంతా తల వంచి బీడీలు చుట్టే ఆడవాళ్లు, సాంచ మీద వంగి పోగు కలిపే కార్మికులు డాక్టరుకు “పట్టేసింది” అని చెబుతారు. ఆ మాటకు ఇంగ్లిషు స్టిఫ్. మెడ పట్టేస్తే ‘స్టిఫ్ నెక్’. తిమ్మిరెక్కితే, స్పర్శ తెలియకపోతే ‘నంబ్’. పిక్క పట్టి బిగుసుకుంటే ‘క్రాంప్’. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోకపోవడాన్ని డాక్టర్లు ‘మార్నింగ్ స్టిఫ్‌నెస్’ అని రాసుకుంటారు, అది ఎంతసేపు ఉంటుందో తప్పక అడుగుతారు. అరగంటలోపు సడలిపోతే కీళ్ల అరుగుదల కావచ్చు. గంట, అంతకు మించి ఉంటే రుమటాయిడ్ జాతి కీళ్లవాతాన్ని అనుమానిస్తారు. నొప్పి అని మాత్రమే చెబితే ఈ ఆధారం పోతుంది. పట్టేయడం వేరుగా, నొప్పి వేరుగా, తిమ్మిరి వేరుగా చెప్పాలి, తెలుగులోనైనా సరే. జ్వరం, తలనొప్పితో పాటు మెడ వంచి గదుమను ఛాతీకి తాకించలేకపోతే అది పని అలసట కాదు, వెంటనే ఆస్పత్రికి పోవాల్సిన లక్షణం. రోగి చెప్పేది స్టిఫ్‌నెస్, డాక్టరు చెయ్యి పట్టి వంచి చూసి కనుక్కునేది రిజిడిటీ. పార్కిన్సన్స్ జబ్బులో ఎటు వంచినా ఒకే తీరుగా అడ్డుపడే బిగువుకు ఆ పేరు వాడతారు.

చనిపోయిన తర్వాత ఒళ్లు కొయ్యబారడం ‘రిగర్ మార్టిస్’, రిజిడ్ కుటుంబపు లాటిన్ మాట. కండరం బిగుసుకోవడానికే శక్తి కావాలని అనుకుంటాం. నిజానికి పట్టు వదలడానికి కూడా కావాలి. ప్రాణం పోయాక ఆ శక్తినిచ్చే ఏటీపీ అయిపోతుంది, కండరంలోని పోగులు పట్టుకున్నచోటే ఉండిపోతాయి. కొన్ని గంటల్లో మొదలై, తర్వాత కణాలు చెదిరేకొద్దీ ఒకటి రెండు రోజుల్లో సడలుతుంది.

పోటీ, శిక్ష ఎలా స్టిఫ్ అవుతాయి?

వంగనిది అన్న మొదటి అర్థమే ఇక్కడికీ వచ్చింది. ‘స్టిఫ్ కాంపిటిషన్’ అంటే ఎదుటివాడు లొంగని పోటీ. ‘స్టిఫ్ పెనాల్టీ’ అంటే కఠినమైన శిక్ష, భారీ జరిమానా. కొండగట్టు అంజన్న దగ్గరికి నడిచి ఎక్కేదారి ‘స్టిఫ్ క్లైంబ్’. ‘స్టిఫ్ బ్రీజ్’ బలమైన గాలి, ‘స్టిఫ్ డ్రింక్’ నీళ్లు తక్కువ కలిపిన మందు. భయం, విసుగు తర్వాత స్టిఫ్ వస్తే ‘చచ్చేంత’ అని అర్థం: ‘స్కేర్డ్ స్టిఫ్’, ‘బోర్డ్ స్టిఫ్’. ‘స్టిఫ్ అప్పర్ లిప్’ అంటే కష్టంలోనూ పెదవి వణకనివ్వని నిబ్బరం. ‘స్టిఫ్-నెక్డ్’ అంటే మెడనొప్పి ఉన్నవాడు కాదు, తలవంచని గర్విష్ఠి. మన దగ్గర “పేపర్ స్టిఫ్‌గా వచ్చింది” అంటాం. బయటి దేశాల్లో పరీక్ష పేపరుకు ఎక్కువగా ‘టఫ్’, ‘హార్డ్’ వాడతారు. వాక్యం రాసేటప్పుడు స్టిఫ్‌ను ‘రూల్’కు మాత్రం జత చేయకపోవడం మంచిది. రూల్‌కు స్ట్రిక్ట్, రిజిడ్ అనేవే బాగా కుదురుతాయి.

అమెరికన్ ఇంగ్లిషులో స్టిఫ్ క్రియ కూడా అయింది. ‘హి స్టిఫ్డ్ మి’ అంటే నాకు రావాల్సిన డబ్బు ఎగ్గొట్టాడని. ‘వర్కింగ్ స్టిఫ్’ అంటే రెక్కాడితేనే డొక్కాడే మామూలు పనివాడు. నాటకాల్లో, సినిమాల్లో ఇవి వినిపిస్తాయి, అర్థం తెలిసుండాలి. కానీ దుబాయిలోనో రియాద్‌లోనో జీతం ఆగిపోయిన కార్మికుడు కంపెనీ మీద ఫిర్యాదు రాయాల్సి వస్తే ఈ మాట వాడకూడదు. అది యాస మాట, కాగితం మీద తేలిపోతుంది. అక్కడ రాయాల్సింది ‘అన్‌పెయిడ్ వేజెస్’. ఏ నెల నుంచి ఏ నెల దాకా, నెలకు ఎంత చొప్పున, మొత్తం ఎంత అన్నది కూడా అదే వాక్యంలో ఉండాలి.